పచ్చ గుమ్మాలు

మూత పడి 3వ రోజు
నాలుగో లెవల్, మొదటి షిఫ్ట్. గ్యాస్ 0.3. ఫ్యాన్ బాగుంది. నీటి ఊట మామూలే.

రిమార్కులు: పదకొండేళ్ళుగా ఈ గడిలో "ఏమీ లేవు" అని రాస్తున్నాను. దీన్ని ఎవరూ చదవరని నాకు రూఢిగా తెలుసు. పోయినేడు ఒకసారి "పంపు పక్కన ఏనుగు పడుకుంది, దాటి వెళ్ళాను" అని రాశాను. ఇంతవరకు అడిగిన మనిషి లేడు. అందుకని ఈ మూతకాలమంతా ఈ గడిని నేనే వాడుకుంటాను. పైన ఎండలకు తాళలేక ఏటా ఊరంతా ఈ గనిలోకే దిగుతుంది. ఎండ తగ్గి, గని నోటికి వేసిన ఇనుప తలుపు మళ్ళీ తెరవడానికి ఇంకా నూట ఇరవై ఏడు రోజులున్నాయి.

నిన్న మా గుమ్మానికి పచ్చరంగు వేశారు. పెంపకం ఆఫీసు సమ్మయ్య సార్ స్వయంగా బ్రష్షు పట్టుకుని వచ్చాడు. ఐదేళ్ళలో ఒక్క చెంబు కూడా రాని ఇల్లని అందరికీ వినపడేలా చెప్పాడు. ఈ రిజిస్టరు ఏ కాలంలో ఎవరి చేతిలో పడుతుందో తెలియదు కనుక చెంబు సంగతి కూడా రాస్తాను. పిల్లలున్న ఇంట్లో అందరి చేతులకూ కడియాలుంటాయి. గుండె వేగం హద్దు దాటితే కడియం ఎర్రబడుతుంది, పక్కింట్లో గంట మోగుతుంది. పక్కింటివాళ్ళు చేతిలో పని వదిలేసి చెంబుతో నీళ్ళు తీసుకుని రావాలి. ఏమైందని అడగకూడదు. పెద్దవాళ్ళకు నీళ్ళిచ్చి, పిల్లల చెయ్యి పట్టుకుని తమ ఇంటికి తీసుకెళ్ళి గంటసేపు కూర్చోబెట్టుకోవాలి. అంతే. ఇంత ఇరుకులో, ఇంత చీకట్లో, ఇన్నేళ్ళు మనుషులం మనుషుల్లాగా మిగిలామంటే సగం ఆ చెంబు చలవే.

మా పక్కింటి పోశక్కకు ముగ్గురు పిల్లలు. ఆమె కడియం రోజు విడిచి రోజు ఎర్రబడుతుంది. నేను ఆ ఇంటికి మోసిన చెంబులన్నీ కలిపితే ఒక నడబావి నిండుతుంది. నిన్న రంగు ఆరకముందే వచ్చి గుమ్మం మీద చెయ్యి పెట్టి చూసింది.

"ఏం మంత్రమేస్తవ్ స్వరూపా? నా కడియం పొయ్యి లెక్క మండుతనే ఉంటది."

"నోరు అదుపుల పెట్టుకో పోశక్కా, అదే మంత్రం" అన్నాను. ఆమె నవ్వింది గానీ, ఆ మాట నేను నవ్వులాటకు అనలేదు. మా తూనీగ నోట అరుపు విన్నవాళ్ళు ఈ లెవల్‌లో లేరు. కింద పుట్టిన పిల్లలకు పైన ఉండేవాటి పేర్లు పెడతాం. నా బిడ్డ తూనీగను చూడలేదు, అయినా పేరు నిలబెట్టింది. వస్తే వచ్చినట్టు తెలియదు, పోతే పోయినట్టు తెలియదు.

17వ రోజు
గ్యాస్ 0.5. ఫ్యాన్ బాగుంది. తూర్పు మూల దగ్గర కప్పు కూలింది. ఇద్దరు పోయారు.

రిమార్కులు: పోయినవాళ్ళు ఆలుమగలు. ఆరేళ్ళది ఒకటి, నాలుగేళ్ళది ఒకటి, ఇద్దరు ఆడపిల్లలు మిగిలారు.

కూలినప్పుడు పిల్లలంతా బడిలో ఉన్నారు. దీపాలు పోయాయి, దుమ్ము కమ్మేసింది. లెవలంతా గంటలే గంటలు. చెంబులు పట్టుకుని పరుగెత్తేవాళ్ళు దారిలో ఒకరికొకరు గుద్దుకున్నారట. నేను బడికి చేరేసరికి పిల్లలు గుక్కపట్టి ఏడుస్తున్నారు. తూనీగ బెంచీ కింద కూర్చుని ఉంది. రెండు చేతులూ మోకాళ్ళ మీద. కడియం పచ్చగా ఉంది.

"మీ పిల్ల బంగారం" అంది టీచరమ్మ. "ఒక్క చుక్క కన్నీళ్ళు పెట్టలే."

అంత దుమ్ములోనూ నాకు గర్వంగానే అనిపించింది. ఇంటికొచ్చే దారిలో అడిగాను.

"భయం కాలేదా బిడ్డా?"

"కాలే."

"మరి బెంచి కింద ఎందుకు కూసున్నవ్?"

"ఎవ్వలకు కనపడకుండ."

కడియం వెనకవైపు చిన్న అంకెలుంటాయి, గంట గంటకూ గుండె ఎంత కొట్టుకుందో. మామూలు జనం రంగు చూసి వదిలేస్తారు. నేను గ్యాస్ మీటర్లు చూసే మనిషిని, అంకె చూడందే నిద్రపట్టదు. దుమ్ము రాకముందు తొంభై రెండు. కప్పు కూలిన గంటలో యాభై ఎనిమిది.

కడియం పాతదైంది. రేపు మార్పించాలి.

18వ రోజు
గ్యాస్ 0.4. తూర్పు మూల మీటరు: 0.0.

రిమార్కులు: కొత్త కడియం ఇచ్చారు. పాత దాంట్లో ఏ లోపమూ లేదని సమ్మయ్య సార్ అన్నాడు. "గట్టి పిల్ల స్వరూపా. నీ పోలిక" అన్నాడు. తూర్పు మూలలో గ్యాస్ సున్నా. కూలిన చోటికి అంత దగ్గరలో సున్నా రావడం అదృష్టం.

26వ రోజు
గ్యాస్ 0.4. తూర్పు మూల: 0.0. కూలిన మట్టి ఎత్తే పనికి అందరం రెండేసి షిఫ్టులు చేస్తున్నాం.

రిమార్కులు: ఇంటికొచ్చేసరికి ఒళ్ళు పచ్చి పుండులా ఉంది. తూనీగ గిన్నెలు కడుగుతానని బిందె వంచింది. రెండు రోజుల నీళ్ళు నేలపాలయ్యాయి. నేను ఏమీ అనలేదు. చెయ్యి ఎత్తలేదు. నాకు అరుపులు రావు, పోశక్కలాగా శాపనార్థాలు రావు. ఊరికే ఆగిపోతాను. పాదాల దగ్గర మొదలై చల్లదనం పైకి వస్తుంది. ఎదుటివాళ్ళ మాటలు గోడ అవతల నుంచి వచ్చినట్టు వినిపిస్తాయి. కాసేపటికి అదే పోతుంది.

నేను దాని ముందు నిలబడ్డాను, అంతే. అది నా వైపు చూడకుండా మొహం కొంచెం పైకెత్తింది. ఎడమ చెంప నా వైపు తిప్పింది. చేతులు పక్కలకు దించి పిడికిళ్ళు మూసింది. కళ్ళు మూయలేదు. అలా నిలబడి ఎదురుచూసింది.

ఆ నిలబడే పద్ధతి నాకు తెలుసు. మా అమ్మ చెయ్యి లేపినప్పుడు నేను అలాగే నిలబడేదాన్ని. ఏడిస్తే ఇంకొకటి పడేది. పరుగెత్తితే ఎన్ని పడేవో లెక్కలేదు. చెంప తిప్పి కదలకుండా ఉంటే ఒక్కదానితో పోయేది. అది కనిపెట్టడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

దీనికి ఎవరు నేర్పారు?

27వ రోజు
గ్యాస్ 0.4. తూర్పు మూల: 0.0.

రిమార్కులు: నిన్న రాసినదాంట్లో అబద్ధం ఉంది. కొట్టేయవచ్చు గానీ రిజిస్టరులో కొట్టివేతలు ఉండకూడదు. అందుకని కిందే రాస్తున్నాను.

నిన్న చెయ్యి ఎత్తాను. కొట్టాను. అంతకుముందు కూడా కొట్టాను. వేళ్ళ మీద లెక్కపెట్టేలా కాదు, లెక్కపెట్టలేనన్ని సార్లు. అన్నిసార్లూ ఎడమ చెంప మీదే. ఆ సమయంలో నాకు కోపం రాదు. నిజంగా రాదు. కోపం వస్తే గుండె కొట్టుకునేది, కడియం ఎర్రబడేది, పోశక్క చెంబు పట్టుకుని వచ్చేది. నిన్న ఆ వేళకు నా అంకె చూసుకున్నాను. యాభై ఆరు.

ఐదేళ్ళుగా మా ఇంటికి ఎవరూ రాలేదు. నేను దాన్ని మంచితనం అనుకున్నాను.

31వ రోజు
గ్యాస్: కింద రాశాను.

రిమార్కులు: సోమవారం సోమవారం మీటర్లకు పరీక్ష పెట్టాలి. చిన్న సీసాలో కొంచెం గ్యాస్ ఉంటుంది, అది మీటరు ముక్కు దగ్గర వదలాలి. ముల్లు లేస్తే మీటరు బతికున్నట్టు. మట్టి పని హడావిడిలో పోయిన వారం పరీక్ష ఎగ్గొట్టాను. ఈ రోజు తూర్పు మూల మీటరుకు సీసా చూపించాను. ముల్లు కదల్లేదు. ఇంకో సీసా పగలగొట్టాను. అయినా సున్నాయే.

కొత్త మీటరు పెట్టాను. ఒకటి పాయింట్ ఆరు. ఒకటి దాటితే మనిషన్నవాడు అక్కడ ఉండకూడదు. పద్నాలుగు రోజులుగా మేము అక్కడ దీపాలు వెలిగించుకుని, రొట్టెలు తిని, జోకులు వేసుకుని మట్టి ఎత్తుతున్నాం. ఒక్క నిప్పురవ్వ రాలి ఉంటే నాలుగో లెవల్ ఉండేది కాదు. సైరన్ నొక్కి జనాన్ని అక్కడి నుంచి బయటకు పంపాను.

తర్వాత ఆ చచ్చిన మీటరును ఒళ్ళో పెట్టుకుని పంపు గట్టు మీద కూర్చున్నాను. గ్యాస్ లేనిచోట సున్నా రావడం వేరు. విషం ముక్కు దగ్గర పెట్టినా సున్నా రావడం వేరు. పదకొండేళ్ళుగా కొత్తవాళ్ళకు నేను నేర్పే మొదటి పాఠం ఇదే. ఇదే పాఠం ఇంటికొచ్చాక నాకు ఒక్కనాడూ గుర్తురాలేదు.

తూనీగ కడియం బాగానే పనిచేస్తోంది. చెడిపోయింది కడియం కాదు.

33వ రోజు
గ్యాస్ 0.9. తూర్పు మూలకు తడిక కట్టాం.

రిమార్కులు: సమ్మయ్య సార్ పని దగ్గరికే వచ్చాడు. మొహమంతా నవ్వు. కప్పు కూలి తల్లిదండ్రులు పోయిన ఆ అక్కాచెల్లెళ్ళను నాకు ఇస్తున్నారట. నాలుగో లెవల్ మొత్తంలో నా అంకెలంత నిలకడగా ఎవరివీ లేవట.

"ముప్పై తొమ్మిదో రోజు హాలుల అందరి ముంగట అప్పజెప్తం. నీ అసొంటి ఇల్లు దొరికింది, వాళ్ళ అదృష్టం."

చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మధ్య నా కడియం చూసుకున్నాను. పచ్చ.

34వ రోజు
గ్యాస్ 0.8.

రిమార్కులు: పెంపకం ఆఫీసుకు వెళ్ళాను.

"సార్, పిల్లల్ని నాకు ఇయ్యకుండ్రి. నేను తూనీగను కొడతాన."

ఆయన తల ఎత్తి చూశాడు. "ఎప్పుడు కొట్టినవ్?"

"ఇరవై ఆరో రోజు. రెండో షిఫ్ట్ దిగినంక."

ఆయన బల్ల మీది తెర తిప్పి వెతికాడు. నా గీత తీశాడు. నున్నగా, ఎక్కడా ఎగుడుదిగుడు లేని గీత. దాని కిందే తూనీగ గీత. అదీ అంతే.

"యాభై ఆరు స్వరూపా. యాభై ఆరు మీద ఎవరన్న కొడ్తరా? నిద్రల కొట్టినట్టు ఉంటది." ఆయన నవ్వాడు, ఎగతాళిగా కాదు, జాలిగానే. "పాపం, మట్టి పనితోని అలసిపోయినవ్. ఇంకొందరు పిల్లలంటే భయమైతది ఎవరికైనా. పో, పండుకో."

"పిల్లను అడుగుండ్రి."

తూనీగను పిలిపించి అడిగాడు. అమ్మ కొడుతుందా అని. తూనీగ మొహం కొంచెం పైకెత్తి, "లేదు" అంది. కడియం పచ్చగా వెలుగుతోంది. ఆయన దాని తల నిమిరి బెల్లం ముక్క ఇచ్చాడు. అది తినకుండా పిడికిట్లో పట్టుకుని, ఇంటికొచ్చాక నా చేతిలో పెట్టింది.

36వ రోజు
గ్యాస్ 0.8.

రిమార్కులు: రెండో లెవల్‌లో ఉంటున్న మా అమ్మ దగ్గరికి వెళ్ళాను. కొమురమ్మ అంటే అక్కడ అందరికీ ఇష్టం. తూనీగ వెళితే ఒళ్ళో కూర్చోబెట్టుకుని జడ వేస్తుంది. నేను చిన్నప్పుడు ఎరిగిన మనిషి ఈమేనా అని నాకు అప్పుడప్పుడు అనుమానం వస్తుంది.

"అమ్మా, నువ్వు నన్ను కొట్టేదానివని సమ్మయ్య సారుకు చెప్పాలె. అప్పుడన్న నమ్ముతడు."

"నేనెప్పుడు కొట్టిన?" అంది, చేట కింద పెట్టి.

"గంటెతోని. చెయ్యితోని. పొయ్యి కాడ, బాయి కాడ. గిప్పుడు నేను గదే చేస్తున్ననే అమ్మా. గట్లనే చెయ్యి లేస్తది, ఏం తెలుస్తలేదు."

అమ్మ మళ్ళీ చేట అందుకుంది. తర్వాత ఎంతో మామూలుగా, వంకాయల ధర చెప్పినట్టు చెప్పింది.

"నన్ను గన్న అవ్వనే నన్ను తాడుగట్టి బాయిల వేలాడదీసేది. పొద్దూకేదాంక. నేను నిన్ను గట్ల చేసిన్నా? ఒక్కనాడన్న చేసిన్నా? రెండు దెబ్బలేసి అన్నం పెట్టిన."

తను ఎంత తగ్గించిందో లెక్క చూసుకుంటోంది అమ్మ. నేను కూడా గంటె ముట్టుకోను, చెయ్యే వాడతాను. నేనూ తగ్గించాననే అనుకున్నాను. ఇట్లా తగ్గించుకుంటూ పోతే ఎన్ని తరాలకు సున్నాకు వస్తుందో? లేచి వచ్చేశాను.

39వ రోజు
గ్యాస్ 0.7.

రిమార్కులు: హాలులో జరిగింది జరిగినట్టు రాస్తాను.

అమ్మకు కూడా ఆ పూటకు కడియం తొడిగి, మా ముగ్గురివీ గోడ మీది బోర్డుకు కలిపారు. పిల్లల్ని అప్పగించేటప్పుడు ఇంటిల్లిపాదితో పాటు వేరే ఉండే అమ్మమ్మ తాతల అంకెలు కూడా అందరికీ కనపడాలని రూలు. పై వరసలో నేను, మధ్యలో తూనీగ, కింద అమ్మ. అంకె పక్కన ఒక్కో దీపం. తూనీగ పోశక్క పక్కన బెంచీ మీద కూర్చుంది. అమ్మ నాకు ఐదడుగుల దూరంలో, కొత్త చీర కట్టుకుని వచ్చింది. ఆ అక్కాచెల్లెళ్ళు ముందు వరసలో ఒకే సంచిని ఇద్దరూ పట్టుకుని కూర్చున్నారు. చిన్నది ముక్కు తుడుచుకుంటూ వెక్కుతోంది. దాని కడియం ఎర్రగా ఉంది. నాకు దాన్ని చూస్తే అసూయ కలిగింది.

సమ్మయ్య సార్ కాగితం చదవడం మొదలుపెట్టగానే లేచాను.

"నేను తీసుకోను సార్. నేను నా బిడ్డను కొడతాన. నా కడియం పచ్చగ ఉందంటే నేను మంచిగున్ననని కాదు. నేను చచ్చిన మీటరును. తూర్పు మూలల సున్నా చూపించింది సూడుండ్రి, గట్లాంటిదాన్ని."

గుసగుసలు లేచాయి. "మట్టి పనితోని తలకెక్కింది" అన్నారెవరో.

"నమ్మకపోతే నన్ను పరీక్షించుండ్రి."

"ఎట్ల పరీక్షించాలె స్వరూపా?" అన్నాడు సార్, ఓపికగానే. మీటరుకైతే సీసా ఉంది. మనిషికి ఏం చూపించాలి?

"చిన్నప్పుడు మా అమ్మ నన్ను..." అని మొదలుపెట్టాను.

"నోరు ముయ్యి!"

అమ్మ లేచి నిలబడింది. ఊరందరి ముందు పరువు తీస్తున్నానన్న మంట మొహం నిండా ఉంది. కుడిచెయ్యి భుజం దాకా లేచింది. అరవై ఎనిమిదేళ్ళ చెయ్యి. నన్ను అందుకోలేదు కూడా.

నాకు ముప్పై ఏడేళ్ళు. యాభై కిలోల పంపును భుజాన మోస్తాను. నేనేమీ అనుకోలేదు, ఒళ్ళే చేసుకుపోయింది. మొహం పైకి లేచింది. ఎడమ చెంప తిరిగింది. చేతులు పక్కలకు జారి పిడికిళ్ళు మూసుకున్నాయి. పాదాల నుంచి చల్లదనం పాకింది. కళ్ళు మాత్రం బోర్డు మీద ఉన్నాయి. నూట నాలుగు. ఎనభై. అరవై ఆరు. యాభై నాలుగు.

మధ్య వరసలో తూనీగ అంకె కూడా దానితోపాటే దిగుతోంది. తొంభై ఐదు. డెబ్బై. యాభై ఏడు. బెంచీ మీద తూనీగ మొహం కొంచెం పైకెత్తి, చెంప తిప్పి, పిడికిళ్ళు మూసి కూర్చుంది. దానికి ఎదురుగా ఎవరూ నిలబడలేదు. మూడో వరసలో అమ్మ. యాభై తొమ్మిది. కొట్టబోతున్న మనిషి అంకె అది.

మూడు దీపాలూ పచ్చగా వెలుగుతున్నాయి. ఎక్కడా గంట మోగలేదు.

"అన్నీ పచ్చగనే..." అని సమ్మయ్య సార్ మొదలుపెట్టి ఆగిపోయాడు. అప్పటికి ఆయన బోర్డు చూడటం మానేసి మమ్మల్ని చూస్తున్నాడు.

హాలంతా బొమ్మల్లా ఉంటే పోశక్క ఒక్కతే లేచింది. గుమ్మం దగ్గరి కుండలో చెంబు ముంచుకుని వచ్చింది. ఏమైందని అడగలేదు. నా పిడికిలి విప్పి తాగించింది. తర్వాత అమ్మ దగ్గరికి వెళ్ళింది. ఆ చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది, దించడం అమ్మకు తెలియనట్టు. పోశక్క దాన్ని మెల్లగా కిందికి దించి చెంబు అందులో పెట్టింది. అమ్మ తాగింది, సగం కొత్త చీర మీద ఒలికింది.

"మా అవ్వకు గిట్ల ఎవ్వలూ నీళ్ళియ్యలే" అంది అమ్మ. ఎవరితో అన్నదో తెలియదు.

పోశక్క తూనీగ చెయ్యి పట్టుకుని తన ఇంటికి తీసుకెళ్ళింది.

40వ రోజు
గ్యాస్ 0.6.

రిమార్కులు: అక్కాచెల్లెళ్ళను ఐదో లెవల్‌లో గంట తరచూ మోగే ఒక ఎర్ర ఇంటికి ఇచ్చారు. ఇకనుంచి పడుకోవడానికీ తినడానికీ తూనీగ పోశక్క ఇంట్లోనే ఉంటుంది, తలుపు తెరిచేదాకా. తర్వాత మళ్ళీ చూస్తారట. నేనే అడిగి సంతకం పెట్టాను. గుండె పిండేసినట్టుంది, అంకె మాత్రం అరవై. తూనీగ తన పళ్ళెం, గ్లాసు, దుప్పటి తానే సర్దుకుంది. ఏడవలేదు. గుమ్మం దాటేటప్పుడు "బిందె కింద పెట్టిన, ఒలకదు" అని చెప్పి వెళ్ళింది.

గుమ్మం మీది పచ్చరంగు నేనే గీకేశాను. ఒకటిన్నర షిఫ్టు పట్టింది.

43వ రోజు
గ్యాస్ 0.5.

రిమార్కులు: సమ్మయ్య సార్ రాత్రనక పగలనక పాత గీతలు తిరగేస్తున్నాడట. మనిషి నాలుగు రోజుల్లో సగమయ్యాడు. ఈ లెవల్‌లో పచ్చ గుమ్మాలు నలభై ఉన్నాయి. అందులో నిజంగా చల్లని ఇళ్ళేవో, మా ఇల్లు లాంటివేవో బోర్డు చెప్పదు. "మీటర్ల మనిషివి నువ్వే పోవాలె" అన్నాడు. గంట లేకపోయినా చెంబు పట్టుకుని వెళ్ళమన్నాడు.

ఈ రోజు మొదటి గుమ్మం తట్టాను. ఏడేళ్ళ పిల్ల తలుపు తీసింది. లోపల ఎవరో గిన్నె గట్టిగా కింద పెట్టారు. పిల్ల నా వైపు చూస్తూనే మొహం కొంచెం పైకెత్తింది. ఆ ఇంటికి రెండు పూటలా చెంబు వెళ్ళాలని రాసుకున్నాను. ఇంకా ముప్పై తొమ్మిది గుమ్మాలున్నాయి.

52వ రోజు
గ్యాస్ 0.3. ఫ్యాన్ బాగుంది. నీటి ఊట మామూలే.

రిమార్కులు: షిఫ్ట్ దిగి చెప్పులు విడుస్తున్నాను, మా ఇంట్లో గంట మోగింది. ఇది పోశక్క ఇంటి గంటే, వందసార్లు విన్నదే. అలవాటుగా చెంబు ముంచుకుని బయటికొచ్చాను. పోశక్క ఎదురుగా పొయ్యి దగ్గరే ఉంది, ఆమె కడియం పచ్చగా ఉంది. నన్ను చూసి పళ్ళన్నీ కనపడేలా నవ్వింది.

"నాది కాదే చెల్లె. నీ బిడ్డది!"

లోపల ఒక పళ్ళెం మూలకు ఎగిరి పడి ఉంది. అన్నం గోడంతా అంటుకుంది. పోశక్క రెండో కూతురితో దేనికో జగడమైందట. తూనీగ నేల మీద పడి కాళ్ళు కొట్టుకుంటూ, ముక్కు కారుతూ, ఇల్లు ఎగిరిపోయేలా ఏడుస్తోంది. దాని గొంతు అంత పెద్దదని నాకు ఐదేళ్ళుగా తెలియదు. కడియం నెత్తురులా ఎర్రగా ఉంది. నూట ముప్పై ఒకటి. నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

అప్పుడు అది నన్ను చూసింది.

ఏడుపు మధ్యలోనే తెగిపోయింది. లేచి నిలబడింది. మొహం పైకెత్తింది. ఎడమ చెంప నా వైపు తిప్పింది. కడియం నా కళ్ళ ముందే పచ్చబడింది.

గంట విన్నవాళ్ళు పిల్ల చెయ్యి పట్టుకుని తమ ఇంటికి తీసుకెళ్ళాలి. అది ఆచారం. నా చెయ్యి దాని చేతికి జానెడు దూరంలో ఉంది. పన్నెండు రోజులుగా ఆ చెయ్యి పట్టుకోలేదు. పట్టుకుంటే వస్తుంది. నోరెత్తకుండా, చెంబు ఒలకకుండా నా వెంట నడిచి వస్తుంది.

చెంబు గడప మీద పెట్టాను. వెనక్కి నడిచాను. మా ఇంట్లోకి వచ్చి తలుపు మూసి, గోడకు చెవి ఆనించి కూర్చున్నాను. చాలాసేపు ఏమీ వినపడలేదు. పోశక్క ఏదో మెల్లగా అంటోంది. తర్వాత ఒక వెక్కు. ఇంకో వెక్కు. తర్వాత మళ్ళీ ఆ పెద్ద గొంతు.

రెండో గంట మోగింది. నేను లేవలేదు.

తూనీగ పది నిమిషాలు ఏడ్చింది.